టైన్ నది ఒడ్డున రోమన్ కోట: రెండు భాషల్లో చెక్కిన ఒక రాయి



హిస్టరీ అంటే పిల్లలు ఎందుకు విసుక్కుంటారో మీకు తెలియనిది కాదు. రాజుల పేర్లు, యుద్ధాలు, సంవత్సరాలు బట్టీ పడతారు. యూనిట్ టెస్ట్ అయిన మర్నాడు అన్నీ మర్చిపోతారు. రోమన్ సామ్రాజ్యం పాఠం కూడా చాలామందికి అలాగే గడిచిపోతుంది. అందుకే ఈ నెల ఒకే ఒక్క కోట గురించి, అందులో ముఖ్యంగా ఒక రాయి గురించి రాస్తున్నాను. తీరిక చేసుకుని చదవండి, వీలైతే మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఇంగ్లీష్ మీడియంలో పిల్లల్ని చదివిస్తున్న మనందరికీ ఆ రాయి ఒక ముఖ్యమైన విషయం చెబుతుంది.

కోట ఎక్కడుంది?

ఇంగ్లండ్ ఈశాన్య మూలన టైన్ అనే నది సముద్రంలో కలుస్తుంది. మన ఊళ్ల నుంచి పై చదువులకు వెళ్లిన పిల్లలు చాలామంది ఉండే న్యూకాజిల్ నగరం ఈ నది మీదే ఉంది. అక్కడి నుంచి మెట్రో రైలెక్కితే నది సముద్రంలో కలిసే చోట సౌత్ షీల్డ్స్ అనే ఊరు వస్తుంది. నదికి దక్షిణం ఒడ్డున, కాస్త ఎత్తయిన చోట, ఇళ్ల మధ్యలో ఒక రోమన్ కోట పునాదులు కనిపిస్తాయి. దాని పేరు అర్బెయా.

దాదాపు 1,900 ఏళ్ల క్రితం బ్రిటన్‌లో ఎక్కువ భాగం రోమన్ల పాలనలో ఉండేది. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి అక్కడ తన సామ్రాజ్యానికి ఉత్తరపు హద్దుగా ఒక గోడ కట్టడం మొదలుపెట్టించాడు. ఈ తీరం నుంచి ఆ తీరం దాకా దాదాపు 117 కిలోమీటర్ల గోడ అది. మ్యాప్‌లో చూస్తే దాదాపు హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాకా ఉండేంత దూరం. ఆ గోడకు తూర్పు చివర కూడా టైన్ నది ఒడ్డునే ఉంది. అర్బెయాకు కొన్ని కిలోమీటర్లు ఎగువన, అవతలి ఒడ్డున. ఆ ఊరి పేరే వాల్స్‌ఎండ్, అంటే గోడ చివర.

మరి గోడ ఆగిపోయిన తర్వాత కూడా ఇంకో కోట ఎందుకు? నది కోసం. సముద్రం మీద వచ్చే ఓడలన్నీ ఈ ముఖద్వారం గుండానే లోపలికి రావాలి. గోడ మీద కాపలా కాసే వేలమంది సైనికులకు తిండి, బట్ట, ఆయుధాలు రావాల్సిన దారి అది. ఆ దారి చేతిలో ఉంటే సైన్యం నిలబడుతుంది, లేకపోతే గోడ ఉన్నా లాభం లేదు.

కోటలో ఏముండేది?

రోమన్ కోటలు చాలావరకు ఒకే ప్లాన్‌లో కట్టారు. పేక ముక్కలా మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం, నాలుగు వైపులా నాలుగు ద్వారాలు, మధ్యలో ఆఫీసు భవనం, దాని దగ్గర్లో కమాండర్ ఇల్లు, మిగతా చోట సైనికుల బ్యారక్‌లు. ఒక కోట ప్లాన్ తెలిసిన సైనికుడు ఇంకో దేశంలో ఇంకో కోటకు బదిలీ అయినా దారి వెతుక్కోనక్కర్లేదు.

అర్బెయా మాత్రం ఒక విషయంలో మిగతా కోటల కంటే వేరు. క్రీ.శ. 208లో సెప్టిమియస్ సెవెరస్ అనే చక్రవర్తి స్కాట్లండ్ మీద యుద్ధానికి స్వయంగా వచ్చాడు. ఆ దండయాత్ర రోజుల్లోనే ఈ కోటను సైన్యానికి ధాన్యం సరఫరా చేసే కేంద్రంగా మార్చారు. బ్యారక్‌లు ఉండాల్సిన చోట్లో వరసగా ధాన్యం కొట్లు కట్టుకుంటూ పోయారు. చివరికి వాటి లెక్క ఇరవై దాటింది.

ఆ కొట్లు కట్టిన తీరు పిల్లలకు చెప్పి చూడండి, సైన్స్ పాఠం కూడా అయిపోతుంది. నేల మీద నేరుగా ధాన్యం పోస్తే తేమకు బూజు పడుతుంది, ఎలుకలు దూరతాయి. అందుకని నేలకు కొంచెం ఎత్తులో, రాతి దిమ్మెల మీద ఫ్లోర్ వేశారు. కింద గాలి ఆడేలా గోడలకు సందులు వదిలారు. ధాన్యం బరువుకు గోడలు పక్కకు ఒరగకుండా బయటి నుంచి రాతి ఆనుకట్లు కట్టారు. మన పల్లెల్లో గాదెలను ఎత్తు మీద నిలబెట్టడం చూసిన తాతయ్యలు, నానమ్మలు ఇంట్లో ఉంటే ఈ లెక్క వాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. పిల్లల్ని వాళ్ల దగ్గరకే పంపండి.

సరిహద్దులో ఎవరుండేవారు?

రోమన్ కోట అనగానే పిల్లలు ఇటలీ నుంచి వచ్చిన సైనికుల్ని ఊహించుకుంటారు. అర్బెయాలో దొరికిన ఆధారాలు చూస్తే ఆ బొమ్మ మారిపోతుంది.

మూడో శతాబ్దంలో ఇక్కడున్న దళం పేరు ఐదో గాల్ దళం. గాల్ అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం. ఆ తర్వాతి కాలపు రోమన్ ఉద్యోగాల జాబితా ఒకటి ఉంది. అందులో అర్బెయాలో టైగ్రిస్ పడవవాళ్ల దళం ఉన్నట్టు రాసి ఉంది. టైగ్రిస్ నది ఎక్కడ? ఇప్పటి ఇరాక్‌లో. అక్కడి పేరు పెట్టుకున్న పడవవాళ్లు ఇంగ్లండ్ చలిలో ఏం చేసేవారు? ఓడల్లో వచ్చిన సరుకును చిన్న పడవల్లోకి దించి నది మీద ఎగువకు చేర్చడం వాళ్ల పని అయి ఉంటుందని చరిత్రకారులు అనుకుంటారు. మన కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడలు దూరంగా లంగరు వేస్తే బార్జీలు వెళ్లి సరుకు మోసుకొస్తాయి కదా, అలాంటి పని.

ఇక్కడే దొరికిన ఒక సమాధి రాయి విక్టర్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడిది. అతను మూర్ జాతివాడు, అంటే ఉత్తర ఆఫ్రికావాడు. బానిసగా ఉండి విడుదలైనవాడు. అతన్ని విడుదల చేసిన న్యుమేరియానస్ అనే గుర్రపు దళం సైనికుడే ఎంతో ప్రేమగా అంత్యక్రియలు జరిపించాడని రాయి మీద ఉంది. ఆ గుర్రపు దళం మొదట్లో స్పెయిన్ ఉత్తర ప్రాంతం వాళ్లతో ఏర్పడింది. యుద్ధానికి వచ్చిన చక్రవర్తి సెవెరస్ కూడా ఇటలీవాడు కాదు. ఇప్పటి లిబియాలో పుట్టి, క్రీ.శ. 211లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో చనిపోయాడు.

ఒక్క కోట చుట్టూ ఫ్రాన్స్, స్పెయిన్, ఇరాక్, ఉత్తర ఆఫ్రికా పేర్లు వినిపిస్తున్నాయి. మ్యాప్‌లో సరిహద్దు ఒక గీత. ఆ గీత మీద బతికినవాళ్లు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు.

రెజీనా రాయి

ఇప్పుడు అసలు రాయి దగ్గరకు వద్దాం. 1878లో సౌత్ షీల్డ్స్‌లో ఇది దొరికింది. రెండో శతాబ్దం చివరి కాలం నాటిదని అంచనా. ఒక స్త్రీ పేము కుర్చీలాంటి అల్లిక కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒక చేయి నగల పెట్టె మూత తెరిచి పట్టుకుని ఉంటుంది. ఇంకో చేతి వైపు నూలు వడికే కదురు. కాళ్ల దగ్గర ఉన్ని ఉండల బుట్ట. ముఖం మాత్రం పగిలిపోయింది. మా క్లాసులో ఈ ఫోటో చూపించినప్పుడు పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమె ఎలా ఉండేదో మనకు ఎప్పటికీ తెలీదా టీచర్?" అని.

ముఖం తెలీదు, పేరు తెలుసు. బొమ్మ కింద లాటిన్‌లో చెక్కిన మాటల సారాంశం ఇది: రెజీనా, కాటువెల్లౌనీ తెగకు చెందినది, వయసు ముప్పై. పల్మైరా ఊరివాడైన బరాతెస్ ఆమెకు ఈ రాయి వేయించాడు. ఆమె అతను విడుదల చేసిన బానిస, అతని భార్య.

కాటువెల్లౌనీ తెగవాళ్లది దక్షిణ బ్రిటన్, ఇప్పటి లండన్‌కు ఉత్తరాన ఉన్న ప్రాంతం. పల్మైరా సిరియా ఎడారి మధ్యలోని వ్యాపార నగరం. ఈ కోటకు అక్కడి నుంచి నేరుగా గీత గీసినా దాదాపు 3,800 కిలోమీటర్లు. అంత దూరం నుంచి వచ్చిన ఒకతను, ఈ దేశంలోనే పుట్టిన ఒకామె, ఇద్దరికీ సొంతూరు కాని ఈ నది ఒడ్డున కలిసి బతికారు.

లాటిన్ వాక్యాల కింద ఇంకో లైన్ ఉంది. అది లాటిన్ కాదు. కుడి నుంచి ఎడమకు రాసే పల్మైరా లిపిలో, బరాతెస్ మాతృభాష అయిన అరమాయిక్‌లో చెక్కిన లైన్. దాని అర్థం ఇంతే: బరాతె విడిపించిన రెజీనా, అయ్యో.

లాటిన్‌లో వివరాలున్నాయి. జాతి, వయసు, ఊరు, బంధుత్వం, ఒక అప్లికేషన్ ఫారం నింపినట్టు. ఏడుపు మాత్రం లాటిన్‌లో లేదు. అది మాతృభాషలోనే వచ్చింది. పండితులు ఇంకో సంగతి కూడా గమనించారు. లాటిన్ భాగంలో వ్యాకరణం సరిగ్గా కుదరలేదు, విభక్తులు తప్పాయి. కింది అరమాయిక్ లైన్ మాత్రం చక్కగా, తడబాటు లేకుండా ఉంది.

ఆ కోట దగ్గర అరమాయిక్ చదవగలిగినవాళ్లు ఎందరు ఉండి ఉంటారు? బహుశా చాలా కొద్దిమంది. అయినా ఆ లైన్ చెక్కించాడు. చదివేవాళ్ల కోసం పైన లాటిన్ ఉంది. కింది లైన్ అతని కోసం, ఆమె కోసం.

మనకెందుకు ఈ రాయి?

నేను ఇంగ్లీష్ మీడియంలో పాఠాలు చెప్పే టీచర్‌ని. మీ పిల్లలకు ఇంగ్లీష్ బాగా రావాలని మీరు ఎంత కోరుకుంటారో నేనూ అంతే కోరుకుంటాను. బరాతెస్‌కు లాటిన్ అవసరమైంది. లాటిన్ లేకుండా ఆ సామ్రాజ్యంలో ఉద్యోగం, వ్యాపారం సాగవు. అతను ఆ భాష వద్దనలేదు, అందులోనే పెద్ద భాగం రాయించాడు. మన కాలంలో ఇంగ్లీష్ ఆ పని చేస్తోంది. అందులో దాపరికం ఏమీ లేదు.

కానీ పేరెంట్స్ మీటింగ్‌లో నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఇంట్లో కూడా ఇంగ్లీష్‌లోనే మాట్లాడమంటారా? తెలుగు మాట్లాడితే ఇంగ్లీష్ పాడవుతుందా?" నా జవాబు ఈ రాయి. ఒకే రాయి మీద రెండు భాషలు పట్టాయి, ఒకటి రెండోదాన్ని తుడిచేయలేదు. బయటి పనులకు నేర్చుకున్న భాష బయటి పనులు చేసింది. మనసు బరువెక్కినప్పుడు రావాల్సిన మాట ఇంటి భాషలో వచ్చింది. ఆ రెండో భాషే లేకపోతే అతని దుఃఖం ఫారం నింపడంతోనే ఆగిపోయేది.

స్కూల్లో ఏదో జరిగి పిల్లవాడు ముభావంగా ఇంటికొచ్చినప్పుడు చూడండి. "వాట్ హ్యాపెండ్?" అంటే "నథింగ్" అంటాడు. "ఏంట్రా నాన్నా, ఏమైంది?" అంటే కాసేపటికి నోరు విప్పుతాడు. అందరి ఇళ్లలోనూ అంతే అని చెప్పను, చాలా ఇళ్లలో మాత్రం అంతే. ఆ రెండో ప్రశ్న అడిగే భాష, దానికి జవాబు చెప్పే భాష పిల్లల దగ్గర మిగిలి ఉండాలి. మాట్లాడటమే కాదు, చదవడం, రాయడం కూడా రావాలి. బరాతెస్ తన భాషలో 'అయ్యో' అని ఊరుకోలేదు, దాన్ని రాయించాడు. రాయించాడు కాబట్టే మనకు తెలిసింది.

రాయి చెప్పనివి

పిల్లలతో ఈ రాయి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని అందమైన ప్రేమకథగా మాత్రమే చెప్పకండి. రెజీనా మొదట బానిస. లాటిన్‌లో రెజీనా అంటే రాణి. రాణి అనే పేరున్న ఆమెను ఎవరో ఎప్పుడో కొన్నారు. తన ఇంటివాళ్లకు ఆమె ఎలా దూరమైందో రాయి మీద లేదు. విడుదల చేసిన యజమానే పెళ్లి చేసుకుంటానంటే కాదనే వీలు ఆమెకు ఉందా? రాయి వేయించింది అతను, మాటలు అతనివి. ఆమె సొంత భాషలో ఒక్క అక్షరం కూడా దాని మీద లేదు. అరమాయిక్ లైన్లో అయితే భార్య అనే మాట కూడా లేదు, విడిపించిన మనిషి అనే ఉంది.

ఎనిమిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్నలు అడగగలరు, అడిగారు కూడా. మా క్లాసులో ఒకమ్మాయి, "రెజీనాకే రాయి వేయించే అవకాశం ఉంటే ఏ భాషలో రాయించేది?" అంది. సిలబస్‌లో లేని ప్రశ్న. దానికి మార్కులూ లేవు. కానీ ఒక ఆధారాన్ని చూసి ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట వినిపించడం లేదు అని అడగడం నేర్చుకున్న పిల్ల రేపు న్యూస్ చూసినా, ఫోన్‌లో ఫార్వర్డ్ చదివినా ఆ ప్రశ్నే వేస్తుంది. హిస్టరీ పాఠంతో ఇంతకన్నా పెద్ద ఉపయోగం నాకు తెలీదు.

కోట ఎలా మిగిలింది?

ఐదో శతాబ్దం మొదట్లో రోమన్ పాలన బ్రిటన్ నుంచి తప్పుకుంది. కోట శిథిలమైంది, కాలక్రమంలో మట్టి కింద పడింది. 1875లో అక్కడ ఇళ్లు కట్టబోతుంటే తవ్వకాలు జరిగి కోట బయటపడింది. కొంత భాగాన్ని పార్కుగా కాపాడారు, మిగతా చోట ఇళ్లు లేచాయి. దాదాపు వందేళ్ల తర్వాత, 1970ల్లో ఆ ఇళ్లు తీసేసి మళ్లీ తవ్వారు. పడమటి ద్వారాన్ని దాని అసలు పునాదుల చోటే కొత్తగా కట్టి 1988లో తెరిచారు. శిథిలాలను శిథిలాలుగానే ఉంచాలని వాదించినవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో డిన్నర్ టేబుల్ దగ్గర డిబేట్‌కు మంచి టాపిక్ ఇది.

మన నది ఒడ్డున కూడా ఇలాంటి కథ ఉంది. రెజీనా రాయి చెక్కిన కాలానికి దగ్గర్లోనే, మూడో శతాబ్దంలో, కృష్ణా నది ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అదే నాగార్జునకొండ. అక్కడా చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా రాళ్లు నిలబెట్టారు. వాటిని ఛాయాస్తంభాలు అంటారు. రాజుకు ఉన్నాయి, సైనికులకూ ఉన్నాయి. నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్లలో ఆ లోయ మునగబోతుంటే 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదకు, అనుపుకు తరలించారు. సౌత్ షీల్డ్స్‌లో కోట కోసం ఇళ్లు తీశారు, ఇక్కడ పొలాలకు నీళ్ల కోసం నగరం మునిగింది. ఏది న్యాయం అని పిల్లల్ని అడిగి చూడండి. సులువైన జవాబు రాదు.

నాగార్జునకొండ శాసనాల భాష ఎక్కువగా ప్రాకృతం. పూర్తిగా తెలుగులో మనకు దొరుకుతున్న తొలి శాసనాలు ఆరో శతాబ్దం నాటివి, కడప ప్రాంతంలోని కలమళ్ల లాంటి చోట్ల ఉన్నాయి. అంతకు ముందు మన ముత్తాతల ముత్తాతలు ఇంట్లో ఏమని ఏడ్చారో, ఏమని నవ్వారో రాళ్ల మీద లేదు. బరాతెస్ రాయించిన ఆ ఒక్క లైన్ విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. అట్లాస్ తీసి టైన్ నది, టైగ్రిస్ నది, సిరియాలోని పల్మైరా, కృష్ణా నది పిల్లల చేత గుర్తు పెట్టించండి. పల్మైరా నుంచి సౌత్ షీల్డ్స్‌కు వెళ్లే దారి ఊహించి గీయమనండి. ఎన్ని సముద్రాలు, ఎన్ని ఇప్పటి దేశాలు దాటాలో లెక్క పెట్టమనండి.

2. అట్ట పెట్టె మీద కోట ప్లాన్ గీయించండి. నాలుగు ద్వారాలు, ఆఫీసు, బ్యారక్‌లు, ధాన్యం కొట్లు. నది ఏ వైపు పెట్టాలో, ఎందుకో పిల్లలే చెప్పాలి.

3. నాగార్జునసాగర్ వెళ్లే వీలుంటే డ్యామ్ చూసి వెనక్కి వచ్చేయకండి. లాంచీలో కొండ మ్యూజియంకు వెళ్లండి, అనుపు కూడా చూడండి. శాసనం ఉన్న ఒక్క రాయి దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడండి.

4. ఇంట్లో పెద్దవాళ్ల గురించి ఒక పేజీ రాయించండి. పుట్టిన ఊరు, చేసిన పని, తిరిగిన చోట్లు ఇంగ్లీష్‌లో రాయమనండి. చివర ఒక్క లైన్ మాత్రం తెలుగులో, తెలుగు అక్షరాల్లో, వాళ్లకు ఏమనిపిస్తే అది రాయమనండి. స్పెల్లింగ్ తప్పులు ఇంగ్లీష్ పేజీలో దిద్దండి. ఆ తెలుగు లైన్‌ను మాత్రం దిద్దకుండా అలాగే ఉంచండి.

ఆ పేజీలు క్లాస్ టీచర్‌కు పంపితే నోటీస్ బోర్డు మీద పెడతాం. ఇంగ్లీష్ భాగం స్కూల్లో అందరూ చదువుతారు. చివరి లైన్ ఎవరి గురించి రాశారో, వాళ్లకు మాత్రం పిల్లలే ఇంట్లో చదివి వినిపించాలి.